పద్మనాభం దగ్గర మా పొలంలో పాత పళ్ళు దొరికాయి, అవి ఏ జంతువులవో ఎలా తెలిసిందంటే (నా అనుభవం)

మేం ఉండేది విశాఖ మధురవాడలో, పొలం మాత్రం పద్మనాభం మండలంలో ఉంది, మా నాన్న నాకు పసుపుకుంకాల కింద రాసిచ్చిన అరెకరం. కొన్ని జీడిమామిడి చెట్లు, మిగతాదంతా బీడు. అక్కడ ఒక రేకుల షెడ్డు వేసుకుని నీళ్ళకి సంపు కట్టిద్దామని గొయ్యి తవ్విస్తుంటే ఈ పళ్ళు బయటపడ్డాయి. మొత్తం పదకొండు. అవి ఏ జంతువులవో తెలుసుకోడానికి ఎవరెవర్ని అడిగానో, ఎవరు ఏం చూసి ఏం చెప్పారో వివరంగా రాస్తున్నా, ఎందుకంటే మన వైపు పునాదులు తీసేటప్పుడు, చెరువు మట్టి తోలేటప్పుడు ఇలాంటివి చాలామందికి దొరుకుతూనే ఉంటాయి, అయితే పారేస్తారు లేదంటే ఏదో ఒక కథ అల్లేస్తారు, రెండూ చూస్తే నాకు బాధేస్తుంది.

జేసీబీ నాలుగడుగులు దిగేవరకు అంతా ఎర్రమట్టే, ఆ కింద కొంచెం నల్లగా, బూడిద కలిసినట్టున్న పొర ఒకటి తగిలింది. బకెట్ పక్కన గుమ్మరించిన మట్టిలో రాళ్ళు ఏరుతున్న ఆవిడ "అమ్మా, ఇదేటో పన్నులాగుంది సూడు" అంది. చూస్తే నిజంగానే పన్ను, బొటనవేలంత లావు, గోధుమ రంగులో. నేను వెంటనే మిషన్ ఆపమన్నాను. ఆపరేటర్ గంట లెక్కమ్మా అన్నాడు, పర్లేదు ఆ గంట నా ఖాతాలో రాసుకో అని చెప్పి గోతి గోడ చూస్తే అదే నల్ల పొరలో ఒక దవడ ముక్క సగం బయటికి కనిపిస్తోంది, వరసగా మూడు పళ్ళతో. దాన్ని అస్సలు కదపకుండా ముందు పక్కన స్కేల్ పెట్టి ఫొటోలు తీశా, పైనుంచి ఎంత లోతో టేపుతో కొలిచి రాసుకున్నా. మా అన్నయ్య కొడుకు డిగ్రీలో ఆర్కియాలజీ పేపర్ చదువుకున్నాడు, వాడు ఎప్పుడూ "అత్తా, వస్తువు కంటే అది ఎక్కడుందో అదే ముఖ్యం" అంటుంటాడు, ఆ మాట ఆ టైంకి గుర్తొచ్చింది. ఈ ఒక్క పని వల్లే తర్వాత సగం జవాబులు వచ్చాయి కాబట్టి ముందే చెప్తున్నా.

మట్టి గుట్టలో ఇంకొన్ని దొరికాయి. వాటిలో ఒకటి చూసి పనివాళ్ళు భయపడిపోయారు. అది మిగతా వాటిలా లేదు, పైన బుడిపెలు బుడిపెలుగా ఉండి అచ్చం మన దవడ పన్నులాగే ఉంది. ఒకతను పార కింద పెట్టేసి మనిషి పన్నమ్మా నాను ముట్టను అన్నాడు. నాకూ గుండె దడ మొదలైంది, ఎందుకంటే నిజంగా మనిషిదైతే పోలీసులకి చెప్పాల్సిందే, అందులో రెండో ఆలోచన లేదు. మా చుట్టాల్లో డెంటిస్ట్ అమ్మాయి ఉంది, పన్ను పైభాగం, పక్కలు, వేర్లు విడివిడిగా ఫొటోలు తీసి పంపా. కాసేపట్లోనే ఫోన్ చేసి "పిన్నీ, కంగారు పడకు, ఇది మనిషిది కాదు" అంది. మన దవడ పంటి మీద నాలుగో ఐదో బుడిపెలు క్లియర్ గా ఉంటాయట, దీనికి పెద్ద బుడిపెల మధ్యలో బోలెడు చిన్న చిన్నవి, ముడతలు ముడతలుగా, పైగా పన్ను వెనక్కి పొడుగ్గా సాగి ఉంది, మన పన్ను అలా సాగదు. పంది చివరి దవడ పన్ను అయ్యుంటుంది అంది, తర్వాత అదే నిజమని తేలింది. పందీ మనిషీ ఇద్దరూ అన్నీ తినే రకం కాబట్టి పళ్ళు దగ్గర పోలికలో ఉంటాయంట, తెలిసినవాళ్ళు కూడా ఒక్కోసారి మొదటి చూపులో తడబడతారంట. అది చెప్పాకే పనివాళ్ళు మళ్ళీ గోతిలోకి దిగారు.

ఈలోపు ఊళ్ళో కబురు పాకిపోయింది. పద్మనాభం అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది యుద్ధమే కదా, 1794 జూలై 10న ఇక్కడే విజయనగరం రాజు చిన విజయరామరాజు గారు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయారు, కంపెనీకి కట్టాల్సిన పేష్కష్ (కప్పం) బకాయిల గొడవ ముదిరి అంతవరకు వచ్చింది. కాబట్టి సాయంత్రానికల్లా మా పొలంలో దొరికినవి "యుద్ధంలో చచ్చిపోయిన గుర్రాల పళ్ళు" అయిపోయాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు చేతులు జోడించి దండం పెడుతున్నారు. ఆ భక్తి నాకు అర్థమవుతుంది, నాకూ పద్మనాభం కొండ చూస్తే అలాగే అనిపిస్తుంది, కానీ నిజమో కాదో తెలీకుండా ఆ పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఫోన్లో ఫొటో పెడితే చెప్పే యాప్ ఒకటుంది, మావాడు అందులో పెట్టాడు. ఒకే పన్నుకి ఒక ఫొటోకి మముత్ అని, ఇంకో ఫొటోకి డైనోసార్ అని, మూడోదానికి రాయి అని వచ్చింది. డైనోసార్ సంగతి అక్కడితో వదిలేయొచ్చు, విశాఖ కొండలన్నీ ఖొండలైట్, చార్నొకైట్ రాళ్ళు, భూమి లోపల విపరీతమైన వేడికీ ఒత్తిడికీ మారిపోయి తయారైనవి, వందల కోట్ల ఏళ్ళ పాతవి, జంతువులే పుట్టని కాలంవి, వాటిలో ఎముకలు దొరకవు. మన దగ్గర దొరికేవన్నీ ఆ రాళ్ళ మీద తర్వాత చేరిన మట్టిలోవే, ఏటి ఒండ్రు, ఎర్రమట్టి, ఊళ్ళ దిబ్బలు. మన రాష్ట్రంలో నిజంగా పాత కాలం జంతువుల పళ్ళు దొరికింది కర్నూలు వైపు, బేతంచర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో, 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త, ఆయన కొడుకు కలిసి తవ్వించారు, ఇప్పుడు మన దగ్గర లేని ఖడ్గమృగం లాంటివి కూడా వాటిలో ఉన్నాయి. అది సున్నపురాయి గుహ కాబట్టి ఎముకలు నిలిచాయి. మన ఎర్రమట్టిలో ఎముక త్వరగా పొడైపోతుంది.

మరి ఎముకలు పోయి పళ్ళే ఎందుకు మిగిలాయి అని నేను పశువుల డాక్టర్ గారిని అడిగా. పన్ను పైన ఉండే ఎనామిల్ లో దాదాపు 96 శాతం ఖనిజమే, ఒంట్లో అంతకంటే గట్టిది ఇంకోటి లేదు, అందుకని ఎముక కరిగిపోయినా పన్ను ఉంటుంది అన్నారు. రంగు చూసి వయసు చెప్పకూడదని కూడా ఆయనే చెప్పారు. మట్టిలో ఇనుము, మాంగనీస్ ఉంటే నిన్నటి పన్నైనా కొన్నేళ్ళలో నల్లగా గోధుమగా మారిపోతుందట. నల్లగా ఉంది కాబట్టి వేల ఏళ్ళది అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఆయన గట్టిగా చెప్పిన ఇంకో విషయం, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పాత ఎముక అవునో కాదో తెలియాలంటే నాలుకకి అంటించి చూడు, అంటుకుంటే పాతది అని కొంతమంది చెప్తారు. అస్సలు చెయ్యొద్దు అన్నారు. పూర్వం దొమ్మరోగం వచ్చి చచ్చిన గొడ్లని అలాగే పాతిపెట్టేవారు, ఆ ఆంత్రాక్స్ క్రిమి మట్టిలో దశాబ్దాలు బతికే ఉంటుంది, మన ఏజెన్సీలో అప్పుడప్పుడు కేసులు వస్తూనే ఉంటాయి. కాబట్టి గ్లోవ్స్, మాస్కు, తర్వాత సబ్బుతో చేతులు. ఆ రోజు నుంచి పిల్లల్ని ఆ గుట్ట దగ్గరికి రానివ్వలేదు.

శుభ్రం చేయడం కూడా ఒక పని. పాత టూత్ బ్రష్, మెత్తటిది, మామూలు నీళ్ళు, అంతే. వెనిగర్, యాసిడ్, బ్లీచింగ్ ఏవీ వద్దు, ఎండలో అసలు పెట్టొద్దు. పన్ను లోపలి భాగం ఒక తీరుగా, పైన ఎనామిల్ ఇంకో తీరుగా ఆరుతాయి, తొందరగా ఆరితే నిలువునా చీలిపోతుంది. నేను తడి గుడ్డలో చుట్టి, మూత సగం తీసిన డబ్బాలో నీడలో పెట్టి మెల్లగా ఆరనిచ్చా. గోడలో ఉన్న దవడని కింద మట్టితో సహా దిమ్మలా తీశాం. విరిగిన ముక్క ఉంటే ఆ ఇన్స్టంట్ గమ్ములతో అతికించకండి, తర్వాత పరీక్షలకి పనికిరాదు.

ఇప్పుడు అసలు గుర్తుపట్టడం. డాక్టర్ గారు ఒక మంచి సలహా ఇచ్చారు, ముందు నువ్వు ఒక తెలిసిన దవడ చూడు, ఆ తర్వాత తెలియనివి చూడు అన్నారు. మటన్ కొట్టుకి వెళ్ళి మేక తలకాయ దవడ ఒకటి అడిగి తెచ్చి బాగా ఉడకబెట్టి పళ్ళు చూశా. మా అత్తగారు వంటింట్లో ఇదేం పనే తల్లీ అన్నారు గానీ నాకు మాత్రం కళ్ళు తెరుచుకున్నాయి. మేక దవడ పన్నుని నమిలే వైపు నుంచి చూస్తే తెల్లటి గీతలు నెలవంకల్లా జంటలు జంటలుగా కనిపిస్తాయి. ఆ గీతలే ఎనామిల్, మధ్యలో గోధుమగా ఉన్నది డెంటిన్, అంటే ఎనామిల్ లోపల ఉండే భాగం, గట్టిది తక్కువ అరిగి మెత్తది ఎక్కువ అరగడం వల్ల గడ్డి నమలడానికి ఆ గరుకు ఎప్పటికీ పోదు. నెమరేసే జంతువులన్నిటికీ ఇదే నెలవంక పద్ధతి, ఆవు, గేదె, మేక, గొర్రె, దుప్పి, కణుజు అన్నీ.

మేక దవడ పక్కన మా పళ్ళు పెట్టి చూస్తే రెండు అచ్చం అలాగే ఉన్నాయి, సైజు కూడా అంతే. మేకో గొర్రో విడి పన్నుతో చెప్పడం కష్టమట, అక్కడితో ఆగాం. దవడలోవి మూడు, విడిగా దొరికినవి నాలుగు, ఈ ఏడూ అదే నెలవంక గీతలు కానీ బాగా పెద్దవి, పైగా పన్ను రెండు భాగాల మధ్య సందులో సన్నటి పుల్లలాంటి నిలువు స్తంభం ఒకటి ఉంది. మేక పన్నుకి అది లేదు. ఆవు, గేదె జాతి అనడానికి అదే పెద్ద గుర్తు. పై దవడ పన్నుకి ఆ స్తంభం నాలుక వైపు, కింది దవడ పన్నుకి బుగ్గ వైపు ఉంటుంది కాబట్టి ఏ దవడదో కూడా చెప్పేయొచ్చు. దుప్పి జాతికీ కొన్నిటికి చిన్న స్తంభం ఉంటుంది గానీ వాటి పన్ను పొట్టిది, గొడ్డు పన్ను పొడుగ్గా, నిటారుగా ఉంటుంది. గోడలో దొరికిన దవడలో చివరి పన్నుకి రెండు కాకుండా మూడు భాగాలు ఉన్నాయి, మూడోది చిన్నగా తోకలా వెనక్కి ఉంది, కింది దవడ ఆఖరి పన్నుకే అలా ఉంటుంది.

మా పక్క ఊళ్ళో సంతల్లో పశువుల బేరాలు చేసిన తాత ఒకాయన ఉన్నారు. ఆయనకి చూపిస్తే "ముందు పళ్ళుంటే వయసు ఇట్టే సెప్పేత్తునమ్మా, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, తర్వాత నోరు కలిసిపోద్ది, ఇవి దవడ పళ్ళు కదా" అన్నారు. కానీ దవడ చేతిలోకి తీసుకుని నమిలే వైపు వేలితో నిమిరి, గీతలు చాలావరకు అరిగి చదునైపోయాయి చూడు, ఇది బాగా పని చేసిన ముసలి గొడ్డు అన్నారు. ఆ తర్వాత అదే పొరలో దొరికిన తుప్పు పట్టిన ఇనప ముక్క చూపించా, సన్నగా వంపు తిరిగి, మేకులు కొట్టే చిల్లులతో ఉంది. మేమంతా ఏదో కత్తి ముక్క అనుకున్నాం. తాత చూసిన మరుక్షణం నాడా అన్నారు. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండు ముక్కలు కొడతారు, గుర్రానికైతే గిట్ట ఒక్కటే కాబట్టి గుండ్రంగా ఒక్కటే నాడా. పడుకోబెట్టి కాళ్ళు కట్టి ఎలా కొట్టేవారో చేతులతో చూపించారు. బండి కట్టిన గొడ్డు అన్నమాట, ఎద్దో దున్నపోతో గానీ. ఇంత పెద్ద విషయం ఆయన చెప్పకపోతే ఆ ముక్క పాత సామాన్ల బండికి పోయేది.

చివరికి ఏయూలో (ఆంధ్రా యూనివర్సిటీలో) చదువుకున్న ఒక ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం) మేడం పొలానికి వచ్చి చూశారు, ఆవిడ ఓపికకి నేను జన్మంతా రుణపడి ఉంటా. ఏడు పళ్ళూ గొడ్డువే అని ఖాయం చేశారు, ఆవో గేదో మాత్రం ఈ పళ్ళతో చెప్పలేం అన్నారు. విరిగిన వేరు నుంచి చిన్న పలుకు తీసి వేడి సూది పెడితే వెంట్రుక కాలిన వాసన వచ్చింది. అంటే కొల్లాజెన్ (ఎముకల్లో, పళ్ళలో ఉండే ఒక ప్రోటీన్) ఇంకా ఉంది, మన వేడికీ తేమకీ అది అంత కాలం నిలవదు కాబట్టి వేల ఏళ్ళ మాట లేదు అన్నారు. ఎన్నేళ్ళదో తేల్చే కార్బన్ డేటింగ్ పరీక్ష చేయిద్దామా అని అడిగా. ఎనామిల్ తో అది నమ్మకంగా రాదు, లోపలి డెంటిన్ లో కొల్లాజెన్ కావాలి, పైగా గత రెండు మూడొందల ఏళ్ళ వాటికి ఆ పద్ధతి సరిగ్గా తేల్చి చెప్పలేదు, దానికంటే అదే పొరలో ఉన్న పెంకు ముక్కలు, కుండ పెంకులు, నాడా ఎక్కువ చెప్తాయి అన్నారు. ఆవిడ అంచనా, ఊరి బయట చచ్చిన గొడ్లనీ చెత్తనీ వేసిన దిబ్బ అది, కొన్ని పదుల ఏళ్ళ నుంచి ఒక వందా రెండొందల ఏళ్ళ లోపు.

ఇక పదకొండో పన్ను. ఇది మిగతా వాటిలా కాదు. నెలవంకలు లేవు, ఎనామిల్ గీత తెగకుండా మెలికలు తిరుగుతూ పోతుంది, పక్కలన్నీ తెల్లటి సిమెంటు పూతలా కప్పి ఉంది, పొడవు మూడు సెంటీమీటర్లకి కాస్త తక్కువ, వెడల్పు అందులో సగం. మేడం దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసి ఇది గుర్రం జాతిది, కింది దవడది అన్నారు. ఆ మాట వినగానే నా ఒళ్ళు జలదరించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఆవిడ వెంటనే గాడిద కూడా గుర్రం జాతే కదమ్మా అన్నారు. చాకళ్ళ గాడిదలు ప్రతి ఊళ్ళో ఉండేవి. పంటి నాలుక వైపు రెండు మెలికల మధ్య ఉండే లోయ ఇంగ్లీషు యూ అక్షరంలా ఉంటే గుర్రం, వీ లా ఉంటే గాడిద అని ఒక గుర్తు ఉందట. మాది యూ వైపే ఉంది, సైజు కూడా గుర్రానికే సరిపోతుంది, కానీ ఒక్క అరిగిన పన్ను మీద నూటికి నూరు శాతం చెప్పను అన్నారు. అలా చెప్పేవాళ్ళనే నేను నమ్ముతా.

సరే గుర్రమే అనుకుందాం. యుద్ధం గుర్రమా అంటే చెప్పడానికి ఆధారం లేదు. అది దొరికింది జేసీబీ పోసిన గుట్టలో, గోడలో కాదు, ఏ లోతు నుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు. జట్కా బళ్ళు తిరిగిన రోజుల్లో గుర్రాలు ఎన్ని ఉండేవి, భీమిలి రోడ్డు మీద, విజయనగరం రోడ్డు మీద. మా ఊరి కుర్రాళ్ళు ఆ పన్ను ఫొటో "1794 యుద్ధాశ్వం" అని వాట్సాప్ లో పెడతాం అంటే నేను ఒప్పుకోలేదు, గట్టిగానే చెప్పా. అక్కడ నిజంగా ప్రాణాలు పోయాయి, వాళ్ళ పేరు మీద రుజువు లేనిది ఒక్కటి చేర్చినా నిజంగా జరిగిన దాని విలువ తగ్గుతుంది. కొంతమందికి కోపం వచ్చింది, రానీ.

ఒకాయన డబ్బులిస్తా ఆ పన్ను అమ్ముతారా అని కూడా అడిగాడు. అమ్మను. గొడ్డు పన్నుకీ గుర్రం పన్నుకీ చట్టం అడ్డం రాకపోవచ్చు గానీ మీకు ఎప్పుడైనా చిరుత కోర, ఎలుగు గోరు, ఏనుగు దంతం లాంటివి దొరికితే మాత్రం ఎంత పాతదైనా ఇంట్లో దాచొద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, వెంటనే ఫారెస్ట్ వాళ్ళకి చెప్పేయండి. కోర పన్ను పొడుగ్గా, ఒకటే వేరుతో, నమిలే చదును లేకుండా మొనదేలి ఉంటే వేటాడే జంతువుదేమో అని అనుమానించాలి, ఊరకుక్కది కూడా అలాగే ఉంటుంది కాబట్టి సైజు కొలిచి పక్కన స్కేల్ పెట్టి ఫొటో తీసి అడగండి.

సంపుని పదడుగులు అవతలికి జరిపి కట్టించేశాం. పాత గోతిలో నల్ల పొర ఉన్న అంచు మీద గోనెలు కప్పి ఇసక పోయించా. సంక్రాంతి తర్వాత నేల బాగా ఆరాక మేడం స్టూడెంట్స్ తో వచ్చి ఆ అంచుని చేత్తో తవ్వి, మట్టి జల్లెడ పడతామన్నారు. ఇంకో గుర్రం పన్ను గానీ, గుండ్రటి నాడా గానీ పొరలో ఉండగానే దొరికితే అప్పుడు దాని కాలం గురించి ఏదైనా అనొచ్చు, దొరికినా దొరక్కపోయినా మళ్ళీ రాస్తా.